దాదా కాలమ్‌లో ఏం రాయమంటారు?

మా డెస్కు మీద ఒక పెద్దమనిషి పనిచేస్తారు. మంచివారు. సెక్యులర్. డిసెంబర్ ఆరున మాతోపాటు ఆయన ముఖం కూడా వాడిపోతుంది. రంజాన్ నెల వస్తే హలీం మాట మాకంటే ముందు ఆయనే ఎత్తుతారు. అలాంటి మనిషి ఒకరోజు టీ తాగుతూ అన్నారు: "మీవాళ్ళు కూడా అమెరికా సిటిజన్లయిపోతున్నారు గదా. మళ్ళీ ఈ మట్టి మాది, ఈ దేశం మాది అని వ్యాసాలు రాస్తారెందుకు?"

ఆయన కొడుకు అప్పటికే డాలస్‌లో గ్రీన్‌కార్డు మీద ఉన్నాడు. ఆ సంగతి మేం ఎత్తలేదు. మాటకు మాట అనకపోవడం మాకు చిన్నప్పట్నుంచీ నేర్పిన విద్య. బయట ఎవరేమన్నా చుప్‌గా ఉండు బేటా అని మా ఇళ్ళలో అమ్మీలు చెప్పే మొదటి పాఠం అదే. ఉర్దూలో చుప్‌గా ఉండి తెలుగులో వార్తలు దిద్దుకుంటూ ఇరవై ఏళ్ళు గడిపాం. ఆ రోజు చెప్పని జవాబు ఇప్పుడు చెప్తున్నాం. కాస్త పొడుగ్గానే ఉంటుంది. మా చిచ్చా కొడుకు దగ్గర మొదలై మా దాదా దాకా పోతుంది.

ముందు కాగితాల సంగతి. అమెరికా పౌరసత్వం ఇచ్చే రోజు ఒక హాల్లో అందరినీ నిలబెట్టి, కుడిచెయ్యి పైకెత్తించి ప్రమాణం చేయిస్తారు. అక్కడే గ్రీన్‌కార్డు తీసేసుకుంటారు. ప్రమాణం అయ్యాక చేతికి ఒక సర్టిఫికెట్ ఇస్తారు. పాస్‌పోర్టు ఇవ్వరు. దానికి వేరే దరఖాస్తు, వేరే ఫీజు. తమాషా ఏమిటంటే, మొదటిసారి పాస్‌పోర్టుకి దరఖాస్తు చేసేటప్పుడు ఆ సర్టిఫికెట్ అసలు ప్రతినే జతచేసి పంపాలి. అంటే అదీ చేతిలో మిగలదు. మామూలు రోజుల్లో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. 2023లో కొన్నాళ్ళు పది నుంచి పదమూడు వారాలు పట్టింది. ఇటు మన 1955 పౌరసత్వ చట్టంలో తొమ్మిదో సెక్షన్ ఉంది. ఇంకో దేశపు పౌరసత్వాన్ని ఇష్టపూర్వకంగా పుచ్చుకున్న క్షణానే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. పాత పాస్‌పోర్టు మీద ఇంకా నాలుగేళ్ళ గడువు రాసి ఉన్నా సరే, దాంతో ప్రయాణం చేస్తే నేరం. అమెరికా వాళ్ళేమో అమెరికా పౌరుడు అమెరికా పాస్‌పోర్టు మీదనే దేశం దాటాలి, దాని మీదనే తిరిగి రావాలి అంటారు.

ఈ సందు అందరికీ ఉంది. ముస్లిములకు మాత్రమే తవ్వి పెట్టారని మేం అనడం లేదు. అక్కడి తెలుగువాళ్ళు ఎవరిని కదిపినా, ప్రమాణం చేసిన నెల ఎటూ కదలకూడదని ఒకరికొకరు చెప్పుకుంటారు. కన్నవాళ్ళు చావుబతుకుల్లో ఉన్నారని ఆస్పత్రి కాగితం చూపిస్తే తొందరగా పాస్‌పోర్టు ఇచ్చే ఏర్పాటు కూడా అమెరికాలో ఉంది. అది నిజమే, ఒప్పుకుంటాం. పాత కాగితాన్ని క్షణంలో చంపి కొత్త కాగితాన్ని వారాల తర్వాత ఇవ్వడం ఏం న్యాయమని రెండు సర్కార్లనూ అడగవలసిందే. కానీ మా గొడవ అక్కడితో అయిపోలేదు. అందరూ ఆ సందు దాటి అవతలికి చేరతారు. మావాడికి ఆ సందు అడుగున ఒక సమాధి ఎదురైంది.

మావాడు పదిహేనేళ్ళ కిందట పోయాడు. కంప్యూటర్ చదువు, తర్వాత ఉద్యోగం, అందరి కథే. గ్రీన్‌కార్డు వచ్చాక కూడా పౌరసత్వం జోలికి పోలేదు. "పాస్‌పోర్టు మీద మూడు సింహాలుండాలి భాయ్" అనేవాడు. 2017 జనవరిలో కొత్త ప్రెసిడెంటు ఏడు ముస్లిం దేశాల మీద నిషేధం పెట్టినప్పుడు మొదటి రెండు రోజులూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళను కూడా ఎయిర్‌పోర్టుల్లో ఆపేశారు. ఇండియా ఆ జాబితాలో లేదు. అయినా మా పేర్లు పెట్టుకున్నవాళ్ళకు జాబితాలో దేశం పేరు ఉందా లేదా అన్నది పెద్ద ధైర్యం ఇవ్వదు. రేపు అమ్మీని చూడ్డానికి హైదరాబాద్ పోతే తిరిగి భార్యాపిల్లల దగ్గరికి రానిస్తారా అన్న భయంతో దరఖాస్తు పెట్టాడు. మా పెద్దమనిషి గమనించాలి. ఈ మట్టి మీద ప్రేమ తగ్గి పెట్టలేదు. ఈ మట్టికి భయం లేకుండా వచ్చిపోవడానికే పెట్టాడు.

2018లో ఒక శుక్రవారం ప్రమాణం. హాలు నుంచి బయటికొచ్చి, జుమా నమాజు చేసుకుని, దారిలోనే పోస్టాఫీసుకు పోయి పాస్‌పోర్టు దరఖాస్తు ఇచ్చేశాడు. బుద్ధిమంతుడు, ఏ పనీ రేపటికి వాయిదా వెయ్యడు. సర్టిఫికెట్ అందులో పెట్టి పంపాడు. ఆదివారం తెల్లవారుజామున మా చాచీకి పక్షవాతం వచ్చి పడిపోయారు. పాతబస్తీలోని ఇంటి నుంచి ఆస్పత్రికి మేమే తీసుకుపోయాం. ఫోన్లో వాడితో మాట్లాడిందీ మేమే.

పాస్‌పోర్టు తొందరగా ఇచ్చే ఆఫీసుకు సోమవారం పొద్దున్నే పోయాడు. సర్టిఫికెట్ చూపించు అన్నారు. మీకే పంపానన్నాడు. ఆ కవరు ఎక్కడుందో వెతికి పట్టుకోవడానికే రోజులు పట్టాయి. గురువారం మధ్యాహ్నం మా చాచీ పోయారు. మాలో మయ్యత్‌ను ఎక్కువసేపు ఉంచరు. ఇషా నమాజు తర్వాత జనాజా లేచింది. ఒక్కగానొక్క కొడుకు భుజం లేదు. మేం ఒక చేత్తో డోలా పట్టుకుని ఇంకో చేత్తో వాడికి వీడియో చూపించాం. ఖబర్లో మట్టి వేసేటప్పుడు వాడు ఏడవలేదు. "నా తరఫున కూడా మూడు గుప్పిళ్ళు వెయ్యి భాయ్" అన్నాడు. వేశాం.

మధ్యలో ఒక సలహా వచ్చింది. అందరూ ఇచ్చే సలహానే. పాత పాస్‌పోర్టు బీరువాలోనే ఉంది గదా, విమానం ఎక్కెయ్, ఎవడు చూడొచ్చాడు అని. ఆ పని చేసినవాళ్ళు ఉన్నారు. దొరికినవాళ్ళు కొందరు జరిమానా కట్టి బయటపడ్డారు కూడా. వాళ్ళది పొరపాటు. అదే పని మా పేరుతో చేస్తే పొరపాటుగా మిగలదు. మేం పేపర్లో పనిచేసేవాళ్ళం, ఆ హెడ్డింగు ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఎన్ని కాలమ్‌లు పెడతారో తెలుసు. రెండు పాస్‌పోర్టులు, ఒక ముస్లిం యువకుడు, శంషాబాద్ ఎయిర్‌పోర్టు. ఆ మూడు ముక్కలు డెస్కు మీదికొస్తే మిగతాది దానంతటదే అచ్చయిపోతుంది. అందుకే "రావొద్దు" అని మేమే చెప్పాం. తల్లి చావుకు కొడుకును రావొద్దని చెప్పిన నోరు ఇది.

తొమ్మిదో రోజున అమెరికా పాస్‌పోర్టు వచ్చింది. అప్పటికి జియారత్ అయిపోయింది. కనీసం చెహలుంకు అయినా రావాలని వీసాకు కూర్చున్నాడు. భారతదేశం వీసా దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది. మీ తల్లిదండ్రులు గానీ, తల్లివైపు తండ్రివైపు తాతలూ నానమ్మలూ అమ్మమ్మలూ గానీ పాకిస్తాన్ జాతీయులా, పాకిస్తాన్ ఆధీనంలో ఉన్న ప్రాంతానికి చెందినవాళ్ళా అని. అవునో కాదో ఏదో ఒకటి కొట్టాలి. అమెరికన్లకు 2014 చివరి నుంచి ఇస్తున్న ఈ-వీసా పాకిస్తాన్ మూలం ఉన్నవాళ్ళకు వర్తించదు. వాళ్ళు మామూలు వీసాకు పోవాలి, పైనుంచి అనుమతి వచ్చేదాకా ఆగాలి. అది వారాల లెక్క.

ముప్ఫై ఏళ్ళు పైబడి వాడు భారతీయుడు. ఇక్కడే పుట్టాడు. ఇక్కడే ఓటేశాడు. రెండుసార్లు పాస్‌పోర్టు తీసుకున్నాడు, రెండుసార్లూ పోలీసులు ఇంటికొచ్చి విచారించి, చాయ్ తాగి, సంతకం పెట్టించుకుని పోయారు. ఒక్కసారీ దాదా గురించి అడగలేదు. అప్పుడు లేని దాదా ఇప్పుడెక్కడి నుంచి లేచొచ్చాడు?

ఆయన మాకూ దాదానే. అందుకే ఆయన కథ మేం చెప్పాలి.

బీదర్ దగ్గర ఒక ఊళ్ళో నిజాం సర్కారులో గిర్దావరుగా పనిచేశారు. 1948 సెప్టెంబర్లో యూనియన్ సైన్యం వచ్చింది. ఆ తర్వాత బీదర్, ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్ వైపు ఏం జరిగిందో ఇప్పుడు దాచుకునే సంగతేం కాదు. ఢిల్లీ పంపిన సుందర్‌లాల్ కమిటీ చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. అంతకుముందు రజాకార్లు చేసిన దుర్మార్గాలూ మాకు తెలుసు. వాటిని మేం ఎప్పుడూ వెనకేసుకు రాలేదు. మా దాదా రజాకారు కాదు. కొలువు పోయింది, ఊళ్ళో తమ్ముణ్ణి పోగొట్టుకున్నారు. ఇద్దరు పిల్లల్నీ దాదీనీ హైదరాబాద్‌లో ఆమె పుట్టింట్లో దింపి, 1949లో బొంబాయి మీదుగా కరాచీ పోయారు. కుదురుకున్నాక పిలిపించుకుందామని ఆయన. మంచం పట్టిన తల్లిని వదిలి రానని దాదీ. అక్కడే తెగింది.

రెండేళ్ళకే ఆయనకు తెలిసొచ్చింది, తప్పుచేశానని. తిరిగి రావాలనుకున్నారు. అప్పటికి పర్మిట్ పద్ధతి నడుస్తోంది. స్థిరపడ్డానికి తిరిగొచ్చే పర్మిట్ ఉంటేనే రాజ్యాంగం ఏడో అధికరణం కింద లోపలికి రానిస్తారు. ఆ పర్మిట్ ఆయనకు రాలేదు. 1952 అక్టోబర్లో రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు పద్ధతి వచ్చింది. ఇక భార్యాబిడ్డల్ని చూడాలంటే ఒకటే దారి. పాకిస్తాన్ పాస్‌పోర్టు తీసుకోవాలి. తీసుకున్నారు. 1957లో దాని మీద వచ్చి, పోలీస్ స్టేషన్లో హాజరు వేయించుకుంటూ, సొంత ఇంట్లో చుట్టంలాగా కొన్ని వారాలున్నారు. 1965 యుద్ధం తర్వాత మళ్ళీ రాలేకపోయారు. మా అబ్బాకు తండ్రి అంటే గుర్తున్నది ఆ కొన్ని వారాలే. ఆయన పొద్దున లేచి అంగీ తొడుక్కుని హాజరు వేయించుకోవడానికి పోతుంటే తానూ వెంటపడి పోయేవాడినని, పోలీసాయన ఒకసారి బిస్కట్ ఇచ్చాడని చెప్పేవారు.

ఇంటికి రావడానికి తీసుకున్న ఆ చిన్న పుస్తకమే ఆయన్ను ఈ ఇంటికి శాశ్వతంగా పరాయివాణ్ణి చేసింది. 1956 పౌరసత్వ నిబంధనల ప్రకారం ఇంకో దేశం పాస్‌పోర్టు పుచ్చుకుంటే ఆ దేశ పౌరసత్వాన్ని ఇష్టపూర్వకంగా పుచ్చుకున్నట్టు తిరుగులేని రుజువు. ఎందుకు పుచ్చుకున్నావని ఎవరూ అడగరు. అడిగినా జవాబు పనికిరాదు. 1962లో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లుతుందని చెప్పింది. మా దాదాలాగా ఇంటికి రావడానికే ఆ కాగితం తీసుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో హైదరాబాద్‌లో ఏ గల్లీలోకి పోయి అడిగినా చెప్తారు.

ఇప్పుడు మనవడి సంగతి చూడండి. వాడూ ఇంటికి రావడానికే ఇంకో దేశం పాస్‌పోర్టు తీసుకున్నాడు. అరవై ఏళ్ళ తేడాతో ఒకే పని చేసిన ఇద్దరినీ ఒకే కాలమ్‌లో కలిపి కట్టేశారు.

వీసాతోనే పోలేదు. ప్రవాసులకు సర్కారు ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది. అది ఉంటే జీవితాంతం వీసా అక్కర్లేదు. 2006 జనవరిలో ఆ పథకాన్ని మొదలుపెట్టింది మన హైదరాబాద్‌లోనే, ప్రవాసీ భారతీయ దివస్‌లో, ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా. ఆ సభ వార్తలు మేమూ రాశాం, సంబరంగానే రాశాం. చట్టంలోని మినహాయింపు అప్పుడు మా కళ్ళపడలేదు. అది మా తప్పే. తాను గానీ, తల్లిదండ్రులు గానీ, తాతలు గానీ, ముత్తాతలు గానీ ఎప్పుడైనా పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఆ కార్డు రాదు. ముత్తాతల మాట 2015 సవరణతో చేర్చారు. అంటే కాలం గడిచేకొద్దీ మరక చెరగాల్సింది పోయి ఇంకో తరానికి పాకింది. మావాడి కూతురు అమెరికాలో పుట్టింది, హైదరాబాద్‌ను ఫోన్లోనే చూసింది. ఆ పిల్లకూ రాదు.

ఆ సెక్షన్‌లో ముస్లిం అనే మాట లేదు గదా అని మా పెద్దమనిషి అంటారు. నిజమే, లేదు. ఆ మాట అవసరమైన చోట చట్టాలు రాసేవాళ్ళు మొహమాటపడరు. 2019 సవరణ చట్టంలో హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులు అని ఆరు మతాల పేర్లు రాసి, ఏడోదాన్ని వదిలేశారు. ఆ ఆరు మతాలవాళ్ళు పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్‌ల నుంచి 2014 ఆఖరులోపు పాస్‌పోర్టు లేకుండా వచ్చినా అక్రమ వలసదారులు కారు. 2024 మార్చిలో నిబంధనలు కూడా వచ్చేశాయి. వాళ్ళకు ఇవ్వొద్దని మేం ఎన్నడూ అనం. ప్రాణభయంతో వచ్చినవాడికి తలుపు తియ్యాలి. మా దాదా కూడా ప్రాణభయంతోనే పోయారు. అటు పుట్టి, అటు పెరిగి, ఏ కాగితమూ లేకుండా వచ్చినవాడు భారతీయుడు కాగలడు. ఇక్కడ పుట్టి, ఇక్కడ పెరిగి, అన్ని కాగితాలూ తెచ్చుకుని తల్లి ఖబర్ మీద ఫాతెహా చదువుకుంటానన్నవాడు మాత్రం తాత కోసం ఆగాలి.

దేశ భద్రత అంటారు. సరే. వాడి వల్ల ప్రమాదం ఉంటే, చేతిలో భారతీయ పాస్‌పోర్టు ఉన్నన్నేళ్ళూ ఏ వీసా లేకుండా వచ్చిపోయినప్పుడు ఆ ప్రమాదం ఎక్కడికి పోయింది? ప్రతిసారీ నెలరోజులుండి, మామిడికాయ తొక్కు డబ్బాలు మోసుకుపోయినప్పుడు భద్రతకు ఏం కాలేదే. విచారణ చెయ్యొద్దని మేం అనడం లేదు. మనిషిని విచారించండి. వాడి ఉద్యోగం, వాడి స్నేహితులు, వాడి బ్యాంకు లెక్కలు చూసుకోండి. 1957 నాటి పోలీస్ స్టేషన్ రిజిస్టర్ చూసి మనవడి గుణం చెప్పకండి.

ఇక మావాళ్ళ గురించి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇది వకాల్తా అవుతుంది. పాతబస్తీలో వీసా ఫారాలు నింపిపెట్టే ట్రావెల్స్‌వాళ్ళు ఏమంటారంటే, "నో కొట్టెయ్యండి భాయ్, ముర్దే బోల్తే క్యా?" చచ్చినవాళ్ళు మాట్లాడతారా అని. చాలామంది కొట్టేస్తారు. కార్డు తెచ్చుకుంటారు. వాళ్ళ ఇళ్ళల్లో దాదా ఫోటో గోడమీంచి దిగి పెట్టెలోకి పోయింది. అబద్ధం చెప్పి తెచ్చుకున్న కార్డును ఎప్పుడైనా రద్దుచేసే అధికారం అదే చట్టంలో సర్కారుకు ఉంది. కాబట్టి ప్రతిసారీ ఇమిగ్రేషన్ కౌంటరు ముందు గుండె దడదడలాడుతూ నిలబడతారు. మన జమాత్‌లు, మన లీడర్లు, ఎన్నికలప్పుడు షేర్వానీలు తొడుక్కుని వచ్చే పెద్దలు ఈ సంగతి పార్లమెంటులో ఎంత గట్టిగా అడిగారు? తలాక్ గురించి రోడ్డెక్కినవాళ్ళు తాతల గురించి ఎందుకు ఎక్కలేదు? ఇది డబ్బున్నవాళ్ళ గొడవ, అమెరికావాళ్ళ గొడవ అని పక్కన పెట్టారు. ఒక రకంగా నిజమే. మన గల్ఫ్ కూలీలకు ఈ బాధ లేదు. అక్కడి షేకులు మన కూలీకి పౌరసత్వం ఇచ్చేదీ లేదు, మనవాడు దేశం మార్చేదీ లేదు. కానీ ఇవాళ అమెరికావాడి వీసా ఫారంలో ఉన్న ప్రశ్న రేపు రేషన్‌కార్డు ఫారంలోకి రాదన్న హామీ ఎవరిస్తారు? 2019 చివర్లో పౌరసత్వ పట్టిక మాట దేశమంతా నలిగినప్పుడు దాదాల జనన పత్రాల కోసం మనం పెట్టెలు వెతుక్కోలేదా?

మావాడు "నో" కొట్టలేదు. "అవును" కొట్టాడు. "అబద్ధం చెప్పి అమ్మీ దగ్గరికి రావాలా?" అన్నాడు. కౌంటరు అవతల మనిషి మంచివాడేనట, దరఖాస్తు చూసి నెమ్మదిగా, "ఎందుకు రాశారండీ ఇది" అన్నాడట. వీసా రావడానికి ఏడు వారాలు పట్టింది. దస్వాఁ అయింది, చెహలుం అయింది. అన్నీ అయ్యాక వచ్చాడు. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి పోకుండా నేరుగా ఖబ్రిస్తాన్‌కు తీసుకుపొమ్మన్నాడు. ఖబర్ మీద మట్టి అప్పటికే అణిగి, గడ్డి మొలిచింది.

మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. ప్రమాణం చేసినరోజే పాస్‌పోర్టు చేతిలో పెట్టమని అమెరికాను అక్కడివాళ్ళు అడగాలి. మనం మన సర్కారును అడగాలి. కొత్త పాస్‌పోర్టు వచ్చేదాకా పాతదాని మీద ఒక్క ముద్ర వేసి, తల్లికో తండ్రికో ప్రాణం మీదికొస్తే ఒక్కసారి ఇంటికి రానివ్వండి. ఇక్కడ పుట్టి ఇక్కడి పౌరుడిగా ఉన్నవాడి విషయంలో ఆ తాతల ముత్తాతల ముక్క కొట్టెయ్యండి.

మా పెద్దమనిషి కొడుకు కూడా ఆ తర్వాత డాలస్‌లో ప్రమాణం చేశాడు. తేదీ వచ్చిన రోజే ఆయన మా దగ్గరికొచ్చి, మీకు తెలుసు గదా ఈ కాగితాల సంగతి, ఏం జాగ్రత్తలు తీసుకోమంటారు అని అడిగారు. సర్టిఫికెట్ కాపీలు తీసిపెట్టుకోమన్నాం. దరఖాస్తు పోస్టులో పంపకుండా ఆఫీసులో అపాయింట్‌మెంటు దొరుకుతుందేమో చూడమన్నాం. అమ్మగారి ఆరోగ్యం బాగున్న నెల చూసి ప్రమాణం చెయ్యమన్నాం. ఆయన కాగితం మీద రాసుకున్నారు. పాస్‌పోర్టు నెలకు వచ్చింది. ఓసీఐ కార్డు వచ్చేలోపు దసరాకు రావాలని ఈ-వీసాకు పెట్టుకున్నాడు. ఫారం ఒకసారి చూడమని ఆయన మా టేబుల్ దగ్గరికి ఫోన్ పట్టుకొచ్చి, తాతల ప్రశ్న దగ్గర ఆగారు. మా ముఖం చూడలేదు.

"ఇక్కడ ఏం కొట్టమంటారు?" అన్నారు.

"నో కొట్టండి సార్. మీకది నిజమే గదా" అన్నాం.

వాళ్ళబ్బాయికి మూడో రోజున వీసా వచ్చింది.